"నేనున్నాను కదా" అనకండి



అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో ఉంటున్న మన తెలుగు సహోదరుడు ఒకరు ఉత్తరం వ్రాశారు. ఆయన చాలా ఏళ్లుగా మంచు కొండల మీద స్కీయింగ్ చేస్తున్నారు. ఆయన భార్య రెండు చలికాలాలుగా రిసార్టులో, యంత్రాలతో చదును చేసిన వాలు మీద నేర్చుకున్నారు. ఇప్పుడు ఆమెను రిసార్టు హద్దు దాటించి, బ్యాక్‌కంట్రీ అనే విడి కొండల్లోకి తీసుకువెళ్లాలని ఆయన కోరిక. ఆమెకు భయం. "నేనున్నాను కదా అని ధైర్యం చెబుతున్నాను, ఇంకేమి చేయాలి?" అని అడిగారు.

సహోదరుడా, మొదట ఆ మాట మానేయండి.

మంచు చూడని శ్రోతల కోసం చెబుతాను. రిసార్టులో గస్తీవాళ్లు జారిపోయేలా ఉన్న మంచును ముందే పేలుడు పదార్థాలతో కూల్చివేస్తారు. హద్దు తాడు దాటితే ఆ పని చేసేవారు ఎవరూ లేరు. మనుషులను పూడ్చే మంచుచరియలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులోనే జారుతాయి. చాలాసార్లు అక్కడికి వెళ్లినవాని బరువుకో, తోటివాని బరువుకో అవి కదులుతాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ మంచు క్రింద పడింది మీరే అయితే? సుమారు 10 నిమిషాలలోపు తీస్తే బ్రతికే అవకాశం ఎక్కువ, తరువాత అది వేగంగా తగ్గిపోతుంది. సహాయక బృందం అంతలో రాదు. అక్కడ ఉన్నది మీ భార్య ఒక్కరే. ఆమె చేతిలో సంకేతం పట్టే ట్రాన్సీవరు, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, ఒక పార. అంటే ఆమె మీ వెనుక వచ్చే మనిషి మాత్రమే కాదు, మిమ్మల్ని త్రవ్వి తీయవలసిన మనిషి.

గనుక తొందరపడకండి. ముందు రిసార్టులోనే, చదును చేసిన దారి ప్రక్కన ఉండే మెత్తని మంచులో దిగనివ్వండి. పైకెక్కడానికి స్కీల అడుగున అంటించే స్కిన్లు కూడా అక్కడే, అనుమతి ఉన్న దారిలో అలవాటు చేయండి. పార్కులో ట్రాన్సీవరును సంచిలో పెట్టి పాతండి, ఆమెను వెదకనివ్వండి. గడియారం చూడండి. మరుసటి వారం మీరు వెదకండి, ఆమె చూస్తారు. మంచుచరియల శిక్షణ తరగతికి మాత్రం ఇద్దరూ కలిసి వెళ్లండి, మీరే గురువు కావద్దు. భార్యకు కారు నేర్పే భర్తలను చూశాం కదా, పది నిమిషాలకే గొంతు పెరుగుతుంది! మొదటి ప్రయాణాలు 30 డిగ్రీలలోపు వాలులో, తలపైన నిటారు వాలు లేని చోట చేయండి.

ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 715 మంచుచరియల ప్రమాదాలను పరిశీలించి, 2004లో ఒక వ్యాసం ప్రచురించారు. మనుషులు పడే ఆరు ఉచ్చులను ఆయన చెప్పారు. వాటిలో ఒకటి, గుంపులో తెలిసినవాడు ఉన్నాడని మిగిలినవారు తమ బుద్ధిని అతనికి అప్పగించడం. మీ రాష్ట్రంలోనే, స్టీవెన్స్ పాస్ దగ్గర టన్నెల్ క్రీక్‌లో 2012 ఫిబ్రవరి 19న ఇదే కనబడింది. 16 మంది వెళ్లారు, వారిలో అనుభవజ్ఞులే ఎక్కువ. కొందరికి లోపల అనుమానం కలిగింది గాని పైకి చెప్పలేదు. ముగ్గురు చనిపోయారు.

అంత అనుభవం ఉన్నవారే నోరు విప్పలేకపోతే, "నేనున్నాను కదా" అన్న భర్త ముందు కొత్తగా నేర్చుకున్న భార్య ఎలా విప్పుతుంది? ఆమె భయాన్ని ఓడించాలని చూడకండి. "దేనికి భయం?" అని అడగండి. గాలి తెచ్చి పోసిన మంచు అంటారో, కాళ్లు అలసిపోయాయంటారో వినండి. ఇల్లు వదలక ముందే ఒక ఒప్పందం చేసుకోండి. ఇద్దరిలో ఎవరు "వద్దు" అన్నా వెనక్కి తిరగడమే, కారణం చెప్పనక్కరలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ముఖం ముడుచుకోకండి. ఒక్కసారి అలా చేస్తే ఆమె మరోసారి ఆ మాట అనరు.

శనివారం వెళ్లాలనుకుంటే, శుక్రవారం సాయంత్రం నార్త్‌వెస్ట్ ఆవలాంచ్ సెంటర్ ఇచ్చే హెచ్చరికను ఆమెనే చదవనివ్వండి. ఎక్కడికి వెళ్లాలో ముందు ఆమెనే చెప్పనివ్వండి.