శ్రవణం: ప్రాజెక్టు సారథికి అవసరమైన విద్య



హూడి పరిసరాల సాఫ్ట్‌వేర్ సంస్థలలో ప్రాజెక్టు మేనేజర్లుగా ఉన్నవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. మాటనేర్పు బోధించేవారు వారికి పెక్కుమంది; వినే నేర్పు బోధించేవారు అరుదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి-3 తొలి ప్రయోగం. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం. కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ప్రయోగాన్ని నిలిపివేసింది. నియంత్రణ వ్యవస్థలో లీకేజి. నిల్వలు చాలునని నిపుణులు భరోసా ఇచ్చారు. కలాం కంప్యూటర్‌ను ప్రక్కనపెట్టి ఆజ్ఞ ఇచ్చారు. రెండవ దశలో అదుపు తప్పిన రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. అనంతర కాలంలో ఆయనే ఈ సంగతిని దాపరికం లేకుండా పలుమార్లు చెప్పారు.

ఆయన వినలేదనడం సరికాదు, విన్నారు. అయితే ధైర్యం చెప్పే గొంతు ఎవరి చెవికైనా ఇంపుగానే ఉంటుంది. అటువంటి వేళ ‘ఎంత కారింది? ఎందుకు కారుతోంది? ఆగితే నష్టమేమిటి?’ అని అడిగి, వచ్చిన సమాధానాన్ని తన మాటలలో తిరిగి చెప్పి సరిచూసుకోవడమే క్రియాశీల శ్రవణం. తరగతిలో ‘అర్థమైందా?’ అంటే అందరూ తల ఊపుతారు గదా!

లోపం చెప్పినవానికి అభయం ఉండాలి. ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ ఆనాటి వైఫల్యాన్ని తమపై వేసుకొని విలేకరులను ఎదుర్కొన్నారు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యను చేరినప్పుడు మాత్రం విలేకరుల ముందుకు కలాంను పంపారు.