చెరువు నీటి కొలతలును, గాలివానల కొలత స్తంభములును
(రైతులకు చేసిన యుపన్యాసము)



చెరువులలోని నీటి మట్టమును కొలుచు సాధనములను, గాలిని వానను కొలుచు స్తంభములను అపాయము లేకుండ నెలకొల్పుట యెట్లు, నెలకొల్పిన పిదప కాపాడుకొనుట యెట్లు అనునది నేటి విషయము. ఇది ఇంజనీర్ల పని, మనకేల యని కొందఱు తలంపవచ్చును. కాని యంత్రమును నిలిపిన ఇంజనీరు మఱునాడు వెడలిపోవును. దాని చెంత నిత్యము మెలగువారు నీరటికాడును, ఆయకట్టు రైతును, పశువులను తోలుకొనిపోవు బాలుడును. దాని వలన మేలు కలిగినను కీడు కలిగినను అనుభవించువారు వీరే.

కొలత యెందులకో మొదట చెప్పెదను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినది. వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. నగరమునకు ఎగువ ఆ నదీ పరీవాహక ప్రదేశమున 780కి పైగా చెరువులుండగా, వానిలో 220కి పైగా ఆ వానలకు తెగిపోయినవి. 1909లో శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, నగరమునకు ఎగువ వఱద నాపు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఆ ప్రకారము ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి.

మన చెరువులు పెక్కు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు తెగినచో దాని నీరంతయు క్రింది చెరువుపై బడును. కావున పైచెరువు అలుగుకు ఇంకను ఎన్ని అంగుళములు తక్కువగా నున్నదో క్రింది గ్రామమువారికి నడిరేయి తెలియుట ప్రాణావసరము. ఆ సంగతి తెలుపునది కొలబద్దయు యంత్రమును. అయితే ఈ సాధనముల వలన రెండు కీడులు రాగలవు. ఒకటి, వానిని నిలుపునపుడో బాగుచేయునపుడో మనిషి చచ్చుట. రెండవది, యంత్రము తప్పు అంకెను చూపుట. అంకె లేనిచో మనుష్యుడు స్వయముగా పోయి కట్టను చూచుకొనును. తప్పు అంకెను నమ్మినవాడు ఇంట నిదురించును. ఈ రెండు కీడులను తప్పించు మార్గములే నేడు చెప్పదలచితిని.

స్థలము నెన్నుకొనుట

గాలివేగమును కొలుచు స్తంభము సాధారణముగా 10 మీటర్లు, అనగా సుమారు 33 అడుగుల యెత్తుండును. స్థలమును జూడబోయినవాడు నేలను జూచుటకు ముందు ఆకాశమును జూడవలెను. విద్యుత్తు తీగలెక్కడ నున్నవి? స్తంభము ఏవైపునకు పడినను తీగలను తాకరాదు. ఎత్తునకు ఒకటిన్నర రెట్లు, అనగా 10 మీటర్ల స్తంభమునకు 15 మీటర్లు, తీగలకు దూరముండవలెను. పొలముల మీదుగా పోవు 11,000 వోల్టుల తీగ మిగుల ప్రమాదకరము. ఇనుము దానిని తాకకున్నను, మిక్కిలి సమీపించినచో విద్యుత్తు దుముకవచ్చును.

గాలిని కొలుచు యంత్రము చెట్లకు, ఇండ్లకు వాని యెత్తునకు పదిరెట్లు దూరముండుట మంచిది. వర్షమాపకము ప్రక్కనున్న చెట్టు ఎత్తునకు కనీసము రెట్టింపు దూరమున నుండవలెను. సాధారణ వర్షమాపకపు నోరు నేలకు 30 సెంటీమీటర్ల యెత్తున, ఏ వైపునకు వాలకుండ సమముగ నుండవలెను. చూచుటకు అనుకూలమని వేపచెట్టు క్రింద పెట్టిన వర్షమాపకము వానను కాదు, ఆకుల దయను కొలుచును.

చెరువు కట్ట ఎత్తుగా నున్నది గదా, స్తంభమును దానిపైననే నిలుపుదమని తోచుట సహజము. అట్లు చేయరాదు. పునాదికై కట్టను త్రవ్వినను, గొట్టమును కట్టగుండ దూర్చినను, ఆ త్రోవ వెంట నీరు ఊటగా మొదలై మట్టిని మోసికొనిపోయి తుదకు గండి పడవచ్చును. చెరువును కాపాడుటకై పెట్టిన యంత్రమే చెరువును తెంచినట్లగును. కట్ట పాదమునకు దూరముగ, గట్టినేలయందు స్తంభమును నిలుపవలెను.

స్తంభమును నిలుపుట

ఈ పనికి వేసవియే తగిన కాలము. చెరువు ఎండియుండును, నేల గట్టిగా నుండును. ఉదయమున గాలి లేని వేళ నారంభింపవలెను. పునాది కాంక్రీటును వేసిన పిదప నీటితో తడుపుచు కనీసము 7 దినములు ఆగవలెను. పూర్తి బలము వచ్చుటకు 28 దినములు పట్టును. కాంక్రీటు పైకి గట్టిపడినది గదా యని మఱునాడే స్తంభమును నిలిపినవారు గాలివానలో దానిని నేలపై జూతురు.

అడుగున మడతబందు గల స్తంభమును కొనుట శ్రేయస్కరము. దానిని నేలపై పరుండబెట్టి, యంత్రములన్నియు బిగించి, త్రాళ్లతో లేపవచ్చును. మరల బాగుచేయవలసి వచ్చినపుడు దించవచ్చును, ఎక్కవలసిన పనిలేదు. లేపునపుడు ఆజ్ఞ యిచ్చువాడు ఒక్కడే యుండవలెను. నలుగురు నాలుగు కేకలు వేసిన చోట నొకడు నలుగును. స్తంభము పడగల వలయములో ఎవ్వరును నిలువరాదు. వేడుక చూడవచ్చిన పిల్లలను ముందుగానే దూరము పంపవలెను.

స్టే తీగలు మూడు దిక్కులకు సమానమైన యెడములతో నుండవలెను. వానిని చెట్లకుగాని, కంచె రాళ్లకుగాని, విద్యుత్తు స్తంభములకుగాని కట్టరాదు. చెట్టు ఊగును, రాయి కదలును, విద్యుత్తు స్తంభము చంపును. ప్రతి తీగకును వేఱుగా నేలలో కాంక్రీటు దిమ్మె వేయవలెను. మూడు తీగలను సమముగా బిగింపవలెను. ఒకటి మిక్కిలి బిగిసిన స్తంభము వంగును. మొదటి వారము గడచిన పిదపను, ప్రతి పెనుగాలి తరువాతను బిగింపును పరీక్షింపవలెను. మసక చీకటిలో సైకిలుపై వచ్చువాడును, పరుగెత్తు పశువును తీగలను గుర్తించుటకై మనిషి యెత్తున తెల్లరంగు గొట్టములు తొడుగవలెను. చుట్టును కంచె వేయవలెను. ఒడలు రాచుకొను గేదె స్టే తీగకు గాలివానకంటె తక్కువ శత్రువు గాదు.

పిడుగును, ఎక్కుటయు

మైదానమున ఒంటిగా నిలిచిన స్తంభము పిడుగును పిలుచును. కావున దాని శిఖరమున యంత్రములకంటె ఎత్తుగా నొక కడ్డీయుండవలెను. దానినుండి మందమైన రాగి తీగ మలుపులు తక్కువగా నేలకు దిగి, లోతుగా పాతిన ఎర్తు కడ్డీతో గట్టిగా కలియవలెను. ఎర్తు నిరోధము 10 ఓములకు మించకుండుట మంచిది. నేల యెండినకొలది నిరోధము హెచ్చును; అందుచేత తొలకరి ఉఱుములకు ముందే, వేసవి చివరను, తెలిసినవానిచేత కొలిపింపవలెను. కడ్డీ యున్నంతమాత్రమున మనిషికి రక్షణ కలిగినదని తలంపరాదు. ఆ కడ్డీ యంత్రమును రక్షించుటకే. ఉఱుము వినబడినంతనే పని విడిచి ఇంటిలోనికి పోవలెను. చెట్టు క్రింద నిలువరాదు. కడపటి ఉఱుము వినిన పిదప 30 నిమిషములు గడచువఱకు స్తంభమును, స్టే తీగలను, కంచెను ముట్టరాదు.

మడతబందు లేని స్తంభము నెక్కక తప్పనిచో శిక్షణ పొందినవాడే ఎక్కవలెను. నడుమునకు త్రాడు కట్టుకొనుట చాలదు. జాఱినవాని నడుము విఱుగును. తొడలను భుజములను కలిపి పట్టు హార్నెస్సు ధరింపవలెను. దానికి రెండు కొక్కెపు పగ్గములుండవలెను. ఒకటి బిగించిన తరువాతనే రెండవదానిని విప్పవలెను. ఒక్క క్షణమైనను రెండును విడిచియుండరాదు. పనిముట్లను త్రాటితో కట్టుకొనవలెను. తలకు గట్టిటోపీ క్రిందివానికిని కావలెను. క్రింద రెండవవాడు లేక ఎవ్వరును ఎక్కరాదు. పైన వ్రేలాడువానిని దించు విధము వానికి తెలిసియుండవలెను. ఎక్కుటకు ముందు తేనెపట్టు, కందిరీగల గూడు ఉన్నదేమో క్రిందినుండియే చూచుకొనవలెను.

నీటి మట్టమును కొలుచుట

సాధనములు ఎన్ని వచ్చినను, తీర్పు చెప్పునది అంకెలు వ్రాసిన కొలబద్దయే. దానిని చెరువులో గట్టిరాతికి నిలువుగా బిగించి, సున్నను తూము గడపమట్టమునకు సరిపెట్టవలెను. అలుగు మట్టము ఆ కొలబద్దపై ఎన్ని మీటర్లో ఎఱ్ఱరంగుతో గుర్తింపవలెను. కదలని కట్టడముపై బెంచి మార్కు నొకదానిని చెక్కించి, ఏటేట దానితో సరిచూడవలెను. కొలబద్ద క్రుంగినచో చెరువు ఉన్నదానికంటె నిండుగా కనబడును.

యంత్ర సెన్సారులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది నీటిలో మునిగి, తనపైనున్న నీటి ఒత్తిడినిబట్టి లోతును చెప్పును. కాని నీటిపై గాలి ఒత్తిడియు కలదు. అందుచేత కొన్నింటికి తీగలోపల సన్నని గాలి గొట్టముండి, ఆ ఒత్తిడిని తీసివేయును. ఆ గొట్టము మూసికొనిపోయినచో ఏమగును? గాలి ఒత్తిడిలో ఒక మిల్లీబారు తగ్గుదల సుమారు ఒక సెంటీమీటరు నీటికి సమానము. వాయుగుండము వచ్చి 20 మిల్లీబార్లు తగ్గినచో, యంత్రము చెరువును 20 సెంటీమీటర్లు తక్కువగా చూపును. వఱద వచ్చుచున్న రాత్రియే యంత్రము అబద్ధమాడునన్నమాట. గొట్టపు చివరనున్న డబ్బీలో తేమను పీల్చు గుళికలుండును. నీలిరంగు గుళికలు గులాబిరంగునకు మారినచో వెంటనే మార్చవలెను.

రెండవది నీటిపైనుండి ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును లెక్కించును. ధ్వని వేగము వేడిమితో మాఱును. 10 డిగ్రీలు మాఱినచో 5 మీటర్ల దూరమున సుమారు 9 సెంటీమీటర్ల తేడా రావచ్చును. కావున వేడిమిని సవరించుకొను యంత్రమునే కొని, దానికి నీడ కల్పింపవలెను. మూడవది రాడారు సెన్సారు. దానిని వేడిమి అంతగా బాధింపదు. కాని పై రెండింటికిని క్రింద కొమ్మలు, గుఱ్ఱపుడెక్క, తూటికాడ అడ్డు రాకుండవలెను. సెన్సారు గొట్టపు బావిలో నున్నచో దాని నోటిని పూడిక మూయకుండ చూడవలెను. పూడినచో వెలుపల నీరు పెరిగినను లోపలి అంకె నిలిచిపోవును.

నీటి చెంత జాగ్రత్త

అలుగు పాఱుచుండగా దానిపై నడచి కొలబద్దను చదువబోరాదు. మోకాలి లోతు ప్రవాహమే బలిష్ఠుని కొట్టుకొనిపోవును. దూరమునుండి చదువగల పెద్ద అంకెలు వ్రాయుటయే దానికి ఉపాయము. నీటి చెంత ఇద్దఱు పోవలెను. ఈత వచ్చినను తేలుడు చొక్కా ధరింపవలెను.

పాతబావులలో సెన్సారును బాగుచేయుటకై మనిషిని దింపరాదు; దానినే త్రాటితో పైకి లాగవలెను. బావి అడుగున ఊపిరాడని గాలియుండును. దీపమును దించిచూచు పాతవాడుక చాలదు: దీపము ఆఱకున్నను విషవాయువు ఉండవచ్చును; కొన్ని వాయువులు దీపమునకు అంటుకొని ప్రేలును. ఒకడు పడిపోయినచో వానిని తీయుటకై రెండవవాడు దిగరాదు. ఇట్లు ఒక్క బావిలో అన్నదమ్ములు వరుసగా ప్రాణములు విడుచుట మన పల్లెలు ఎఱుగని విషయము కాదు.

నిత్య సంరక్షణము

ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వానను, కొలబద్దను చదివి పుస్తకమున వ్రాయవలెను. వారమునకొకసారి యంత్రపు అంకెను కొలబద్ద అంకెతో పోల్చవలెను. తేడా యున్నచో రెండు అంకెలను వ్రాసి పైవారికి తెలుపవలెను. సౌరఫలకముపై దుమ్మును, పక్షుల రెట్టను తుడువవలెను. పెట్టెను తెఱచునపుడు తేళ్లు, పాములు ఉండునని తలచి కఱ్ఱతో తెఱవవలెను. తొలకరికి ముందు వర్షమాపకమును పరీక్షింపవలెను: నోటి వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లయినచో, 200 ఘన సెంటీమీటర్ల నీటిని మెల్లగా పోసిన 10 మిల్లీమీటర్లు చూపవలెను.

చదువని దినమున అంకె వేయరాదు. ఖాళీగా విడిచి కారణము వ్రాయవలెను. పూర్వము చెరువు నిండని యేట తరి శిస్తు తగ్గింపుకు దస్తరములోని వ్రాతయే ఆధారము. 2016లో పునర్వ్యవస్థీకరింపబడిన వాతావరణాధారిత పంటల బీమాలో సయితము, రైతునకు రావలసిన పరిహారము కేంద్రమున నమోదైన కొలతను బట్టియే నిర్ణయింపబడును. ఊహించి వేసిన అంకె పొరుగువాని కంచములోని అన్నమును తీసివేయగలదు.

ఇది రైతులకు సాధ్యమా యని సందేహింప నక్కఱలేదు. 2003లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భజల పథకమున, అనంతపురము, మహబూబునగరము, నల్లగొండ మొదలగు 7 జిల్లాలలో రైతులే, స్త్రీలును పురుషులును, వానను, బావుల మట్టమును కొలిచి, ఆ లెక్కనుబట్టి రబీ పంటలను నిర్ణయించుకొనిరి.

కావున సోదరులారా, నాలుగు మాటలు జ్ఞప్తియందుంచుకొనుడు. తీగలకు దూరముగ నిలుపుడు. ఉఱిమిన విడిచిపొండు. ఒంటిగా ఎక్కకుడు, దిగకుడు. చూచినదే వ్రాయుడు. చెడిన యంత్రమునకు బదులు మఱియొకటి తేవచ్చును. పోయిన మనిషికి బదులు తేలేము. ఈ మాటను ఇంటికి పోయి నీరటికానికిని, పిల్లలకును చెప్పుడు.

సెలవు.