ఇంట్లో నీళ్ల సిలిండరు



రికార్డు రూములో కాగితాల కట్టల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి గనుక నిప్పంటే నాకు భయం ఎక్కువే. కాగితం, కట్టె, గుడ్డ, పరుపు అంటుకుంటే నీళ్ల సిలిండరు మంచిది. లోపలి నిప్పును కూడా చల్లారుస్తుంది. మండే నూనె మీద మాత్రం కొట్టకండి. నీరు క్షణంలో ఆవిరై నూనెను మన మొహాన చిమ్ముతుంది. స్టౌ ఆపి మూత పెట్టండి. కరెంటు ఉన్నచోటా నీళ్లు వద్దు.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. మార్కు చూడండి. ప్రెషరు మీటరున్న రకమైతే ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. 9 లీటర్లదంటే నీరే 9 కిలోలు, పైన సిలిండరు బరువు. మన వయసుకు అది మోయగలమా? దుకాణంలోనే ఎత్తి చూడండి, అమ్మేవాడు నవ్వితే నవ్వనీ. గుమ్మాన్ని వెనక ఉంచుకుని, పిన్ను లాగి, మంట మొదట్లో కొట్టాలి. అదుపు కాకుంటే సిలిండరు అక్కడే వదిలేసి, బయటపడి, 101కి ఫోను చేయండి.