బిచ్చం కాదు, మన వాటా

(యువజన సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. నిధులంటే సర్కారు ఖజానా ఒక్కటేనా? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చూడుండ్రి. ఏడాదికి 5 కోట్లు, అంతకు మించి లాభమొచ్చిన కంపెనీ, మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలె. చుట్టుపక్కల ఊర్లకే మొదటి ప్రాధాన్యమని అండ్లనే రాసి ఉన్నది. మరి బొగ్గుబాయి దుమ్ము మింగే ఊరి సంఘానికి ఎంతొచ్చింది?

మేమూ ఒక కంపెనీ గడప తొక్కినం. "12ఏ, 80జీ ఉన్నయా?" అన్నరు. తెల్లమొఖమేసినం. అవి, మూడేండ్ల పని అనుభవం, 2021 నుంచి సీఎస్ఆర్-1 నంబరు లేకుంటే సంఘం చేతికి పైసలియ్యరు. గణపతి చందాల లెక్కే రాయని సంఘాలు మనయి, కోపానికి రావద్దు! ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరైతది. ఆ మూడేండ్ల లెక్క ఈ నెలనే మొదలుపెడదాం. ముందుగాల ఒక క్యాష్‌బుక్కు కొనుండ్రి.