ల్యాబులో మిషన్లు, మన చీటీలు

(బెల్లంపల్లిలో జరిగిన రిటైర్డ్ ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇచ్చిన విషయం 'వైద్య పరీక్షల్లో ఆధునిక యంత్రాలు'. ముప్ఫై అయిదేళ్లు ల్యాబులో నిలబడి పనిచేసినవాణ్ణి. మైకు ముందు ఇదే మొదటిసారి, తడబడితే క్షమించాలి. నేను పనిచేసిన ఆసుపత్రుల పేర్లు చెప్పను. చెప్పబోయే దాంట్లో తప్పు ఎక్కువగా నాదే గనక ఆ పేర్లతో పని లేదు.

నేను 1979లో డ్యూటీలో చేరాను. అప్పుడు రక్తం ఎంత ఉందో చూడాలంటే సాహ్లీ గొట్టమే. అందులో పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, ఇరవై మైక్రోలీటర్ల రక్తం వదిలి, అది గోధుమ రంగుకు తిరిగాక పక్కనున్న గాజు కడ్డీ రంగుతో కలిసేదాకా చుక్క చుక్క నీళ్లు కలిపేవాళ్లం. రంగు కలిసిందా లేదా అన్నది మన కంటిని బట్టి, కిటికీ వెలుతురును బట్టి. మబ్బు పట్టిన రోజు ఊరందరికీ రక్తం కొంచెం అటూ ఇటూ అయ్యేది. మూత్రంలో షుగరుకు బెనెడిక్ట్ ద్రావణం పోసి కాచడం: నీలం ఉంటే లేదు, ఇటుక రంగు వస్తే బాగా ఉంది. పిప్పెట్లోకి రక్తాన్ని నోటితో పీల్చేవాళ్లం. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. వానాకాలం వచ్చిందంటే అడవి ఊళ్ల నుంచి చలిజ్వరాల వాళ్లు వరుస కట్టేవాళ్లు, మలేరియా స్లైడ్లు చూసి చూసి రాత్రి కళ్లు మూసుకున్నా గుండ్రటి కణాలే కనిపించేవి.

ఆ కాలం గొప్పదని చెప్పడానికి కాదు. కొలత ఇప్పటిదానితో పోల్చితే ముతక. కాని ఒక్క సంగతి ఉండేది. సూది గుచ్చినవాడే పరీక్ష చేసేవాడు, చేసినవాడే రాసి ఇచ్చేవాడు. మొహం, గొట్టం, కాగితం మూడూ ఒకే మనిషి చేతిలో ఉండేవి. దాన్ని మేము ఒక పద్ధతి అనుకోలేదు. మనుషులు తక్కువై అలా నడిచింది, అంతే.

యంత్రాలు ప్రపంచంలో ఎప్పుడో వచ్చాయి. సన్నటి రంధ్రంలోంచి రక్తకణం దాటేటప్పుడు కరెంటు ప్రవాహంలో వచ్చే తేడాను బట్టి కణాలను లెక్కపెట్టే ఉపాయానికి వాలెస్ కౌల్టర్ అమెరికాలో 1953లోనే పేటెంటు పొందాడు. లియొనార్డ్ స్కెగ్స్ కనిపెట్టిన ఆటోఅనలైజరును టెక్నికాన్ కంపెనీ 1957లో బజారుకు తెచ్చింది. నా బల్ల మీదికి ఆటోఅనలైజరు వచ్చేసరికి 1998. దానికోసం గది కట్టారు, ఏ.సి. పెట్టారు, స్టెబిలైజరు పెట్టారు. మన ఎండాకాలం సంగతి, బొగ్గు దుమ్ము సంగతి మీకు చెప్పనక్కర లేదు. ఆ దుమ్ము లోపలి అద్దం మీద పేరుకుంటే అంకెలు పక్కకు జరుగుతాయి. బోరు నీళ్లు పనికిరావు, లవణాలు తీసేసిన నీళ్లు కావాలి. రీఏజెంట్లు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా కాపలా కాసేవాణ్ణి. ఇవన్నీ శ్రద్ధగా చూసుకున్నాం. చూసుకోనిది ఒక్కటే. రక్తం తీసే గది నుంచి ఈ ఏ.సి. గదికి గొట్టం ఎలా వస్తుంది అన్నది.

పాత అలవాటు ప్రకారం ఓ.పి.లో ఒకటి నుంచి నంబర్లు వేసేవాళ్లు. వార్డులో కూడా ఒకటి నుంచే. గొట్టానికి చీటీ చుట్టి రబ్బరు బ్యాండు వేసేవాళ్లు. ఒకడే మనిషి ఉన్నప్పుడు ఆ పద్ధతి చెల్లింది. ఇప్పుడు తీసేవాడు ఒకడు, తెచ్చేవాడు ఒకడు, మిషనులో పెట్టేవాణ్ణి నేను. మిషనుకు పేరు తెలియదు, ఊరు తెలియదు. ట్రేలో ఎన్నో గుంట అన్నదొక్కటే తెలుసు.

ఒక రోజు ఓ.పి. పద్నాలుగు, వార్డు పద్నాలుగు తారుమారయ్యాయి. ఖర్మకు ఇద్దరి పేరూ రాజయ్యే. మన దగ్గర రాజయ్యలకు కొదువా! పేరు కలిసింది, నంబరు కలిసింది, నేను సంతకం పెట్టాను. వార్డులో రాజయ్యకు షుగరు 96 అని పోయింది. ఓ.పి. రాజయ్యకు 418 అని పోయింది.

మధ్యాహ్నం వార్డు రాజయ్య భార్య కిటికీ దగ్గరికి వచ్చింది. "బిడ్డా, మా ఆయినె మూడొద్దులసంది కుండ కుండ నీళ్లు తాగుతుండు, రాత్రి పదిసార్లు లేస్తుండు. షుగరు లేదంటున్నరు, జర మళ్ల చూడరాదు" అన్నది. నేనేమన్నానో చెప్తాను. "మిషను తప్పు చెప్పదమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనకుండా పోయింది. వార్డులో ఒక పెద్ద సిస్టరు ఉండేది. ఆమె ఊరుకోక, బీరువాలో పాత బెనెడిక్ట్ సీసా ఉంటే తీసి, స్పిరిట్ దీపం మీద మూత్రం కాచింది. ఇటుక రంగు వచ్చింది. ఆ గొట్టం నా ముందు తెచ్చి పెట్టింది. ఒక్క మాట అనలేదు.

వార్డు రాజయ్యకు ఆ రాత్రే ఇన్సులిన్ ఇచ్చారు. రెండో రాజయ్య సంగతి అప్పుడు గుర్తొచ్చింది. షుగరు లేని మనిషి షుగరు మాత్రలు పట్టుకొని నెన్నెల వైపు తన ఊరికి వెళ్లిపోయాడు. జీపులో నేనూ, డ్రైవరూ పోయాం. మేం వెళ్లేసరికి ఒక మాత్ర మింగి ఉన్నాడు. చెమటలు, చేతుల వణుకు. ఇంటావిడ భయపడి చక్కెర వేసిన టీ తాగించింది, అదే కాపాడింది. ఆసుపత్రికి తీసుకొచ్చి రాత్రంతా గ్లూకోజు పెట్టి ఉంచారు. మనిషి బాగానే ఇంటికి పోయాడు. తప్పు మాది అని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. "డాక్టరు గారు మందు మార్చమన్నారు" అన్నాను. ఆయన దండం పెట్టాడు. ఈ మాట బయట చెప్పడం ఇదే మొదలు.

తర్వాత నేనూ, ఆ సిస్టరూ ఒక పెద్ద కాగితం మీద గొట్టం నడిచే దారి గీశాం. చెయ్యి మీద సూది గుచ్చడం నుంచి రిపోర్టు డాక్టరు బల్ల మీదికి చేరేదాకా పదకొండు చేతులు మారుతున్నది. అందులో మిషను ఒక్క చెయ్యి. మేము శ్రద్ధ అంతా ఆ ఒక్కదాని మీద పెట్టాం. ఇది మన దగ్గర జరిగే విడ్డూరం అనుకున్నాను గాని, ఇటలీలో పాడువా ఆసుపత్రి వాళ్లు 1997లో అచ్చువేసిన లెక్క చాలా ఏళ్లకు చదివాను. అర్జెంటు ల్యాబులో 40,490 పరీక్షలలో 189 తప్పులు పట్టుకున్నారు. వాటిలో 68 శాతం పరీక్షకు ముందువి, 18 శాతం పరీక్ష తర్వాతవి. పరీక్ష చేసేటప్పుడు జరిగినవి 13 శాతమే.

మేము మార్చింది చిన్నవే. ఆసుపత్రి మొత్తానికి ఒకటే నంబరు వరుస. రోగి లేవకముందే, అతని చేతనే పేరు, తండ్రి పేరు చెప్పించి గొట్టం మీద రాయడం. "నువ్వు రాజయ్యవేనా" అని అడగకూడదు, జ్వరంలో ఉన్నవాడు దేనికైనా ఊ అంటాడు. "నీ పేరేంది" అని అడగాలి. ప్రమాదకరమైన అంకె వస్తే వార్డుకు ఫోను చేయడం, విన్నవాళ్ల చేత మళ్లీ చదివించడం. వీటికి పైసా ఖర్చు కాలేదు గాని, అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ముఖ్యంగా కార్మికుల పీరియాడికల్ పరీక్షల రోజుల్లో. గనుల నిబంధనలు, 1955 ప్రకారం అప్పట్లో అయిదేళ్లకు మించకుండా ఆ పరీక్ష జరగాల్సి ఉండేదన్నది మీకందరికీ తెలిసిందే. షిఫ్టు దిగినవాళ్లు గుంపుగా వచ్చి "జల్ది చెయ్యన్నా" అని నెత్తి మీద నిలబడితే ఎవరి పేరు ఎవరు అడుగుతారు? అయినా ఆ కాగితం మీద ఫిట్టు, అన్‌ఫిట్టు అనే మాటతో ఒక ఇంటి బతుకే మారుతుంది గదా.

2009లో కంప్యూటరు, బార్‌కోడు వచ్చాయి. ఇక బాధ తీరిందనుకున్నాం. కాని పాత రిజిస్టరు తీసేయలేదు. మిషను కాగితం మీద అచ్చువేసింది చూసి రిజిస్టరులో ఎక్కించడం, రిజిస్టరు చూసి సాయంత్రం కంప్యూటరులో కొట్టడం. డాక్టరు కంప్యూటరు తెరిస్తే పొద్దుటి రిపోర్టు ఉండదు, వార్డు బాయ్‌ని పంపేవారు. ఒక పనికి మూడు పనులు. బార్‌కోడు చీటీలు ముందే డజను తీసి జేబులో వేసుకొని మంచాల చుట్టూ తిరిగేవాళ్లు కొందరు. తప్పు చీటీ అంటిస్తే బార్‌కోడు ఆ తప్పును ఎంతో శుద్ధంగా చదువుతుంది! మిషనుకు, కంప్యూటరుకు నేరుగా తీగ కలిపి, ప్రింటరును రక్తం తీసే గదిలోకి మార్చాకే అది పనికొచ్చింది.

ఇప్పుడు రోజులు ఇంకా మారాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పేరుతో ప్రభుత్వం 2018లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఏర్పాటు 2021లో జిల్లాలకు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీస్తారు, బండి వచ్చి పెద్ద ల్యాబుకు తీసుకుపోతుంది. మంచి పని. పేదవాడికి పైసా లేకుండా పరీక్ష దొరుకుతున్నది. అయితే గొట్టం ప్రయాణం పెరిగింది. రక్తం ఊరికే ఉంచితే దానిలోని కణాలే చక్కెరను తింటాయి, గంటకు అయిదు నుంచి ఏడు శాతం దాకా పడిపోతుంది. అందుకే షుగరుకు ఫ్లోరైడు వేసిన బూడిదరంగు మూత గొట్టం. కణాలు చితికితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపుతుంది. ఊదారంగు మూత గొట్టంలో ఉండే ఈ.డి.టి.ఏ. చుక్క పక్క గొట్టంలో పడ్డా అంతే, పైగా కాల్షియం తగ్గినట్టు వస్తుంది. ఆ మూతల రంగులు అందానికి కాదు. క్షయకు ఇప్పుడు ట్రూనాట్ అనే మన దేశపు మిషను ఉంది, కొద్ది గంటల్లో చెబుతుంది. కాని డబ్బీలో కళ్లెకు బదులు ఉమ్మి వేసి ఇస్తే అదేం చేస్తుంది? మన గనివాళ్లలో దగ్గులు ఎక్కువ గనక చెప్తున్నాను. లోపలి నుంచి దగ్గి తీయాలి.

ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవాళ్లు చేతులెత్తండి అంటే సగం మంది ఎత్తుతారు. మామిడిపండు తిన్న చేత్తో వేలు గుచ్చుకోకండి. సబ్బుతో కడిగి, తుడిచి, అప్పుడు గుచ్చండి. లేకపోతే అది మామిడిపండు షుగరు చూపుతుంది.

వచ్చే నెల మన సంఘం తరఫున రక్తపరీక్షల క్యాంపు ఉందని కార్యదర్శి గారు ఇందాక ప్రకటించారు. ఆ రోజు టీ, ఉప్మా పనులు ఎవరికైనా అప్పగించండి. చీటీలు రాసే బల్ల దగ్గర నేను కూర్చుంటాను. నలభై ఏళ్ల స్నేహమైనా సరే, మిమ్మల్ని మీ పేరు అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. పొద్దున ఏమీ తినకుండా రండి, మంచినీళ్లు తాగొచ్చు. వేసుకునే మాత్రల అట్టలు, పాత రిపోర్టులు సంచిలో పెట్టుకొని తెచ్చుకోండి. మనలో రాజయ్యలు ఎంతమంది ఉన్నారో కార్యదర్శి గారు ముందే ఒక జాబితా ఇస్తే నాకు సులువు.