ఆరో మైలురాయి



ఖరగ్‌పూర్‌లో స్నాతకోత్సవం అనగానే 1956 గుర్తుకొస్తుంది. ఆ ఏడాది ఐఐటీ మొదటి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ తన ప్రసంగంలో ఆ చోటు సంగతే ఎత్తారు. అది మామూలు చోటు కాదు మరి, హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసులు ఖైదీల మీద కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1951లో, అదే భవనంలో ఇంజనీరింగు విద్య మొదలైంది. అక్కడ చదివినవాళ్లకు చరిత్ర గోడల్లోనే ఉంది. చూడదలచినవాళ్లు చూశారు, మిగతావాళ్లు పరీక్షలు రాసి వెళ్లిపోయారు.

ఇదే ఊరి రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఈ రోజు స్నాతకుల ముందు చెప్పే మాట కూడా చోటు గురించే. ఉన్న ఊరినే పాఠంగా చేసుకొని, ఎనిమిదేళ్ల పిల్లలూ ఎనభై ఏళ్ల పెద్దలూ ఆరుబయట కలిసి నేర్చుకోవడం గురించి. దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టిన విద్యావేత్తలున్నారు. ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ ప్రాంతానికి ఆ పేర్లతో పని పడలేదు. ఇక్కడ ఈ చదువు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే ఒక రోడ్డు మీద జరిగింది.

ఇప్పటి పశ్చిమ మేదినీపూర్ జిల్లా బీర్‌సింఘ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఎనిమిదేళ్ల వయసులో తండ్రి ఠాకుర్‌దాస్‌తో కలకత్తాకు కాలినడకన బయల్దేరాడు. దారిలో రోడ్డు పక్కన పాతిన రాళ్లు కనిపించాయి. అచ్చం మసాలా నూరే సన్నికల్లులా ఉన్నాయి, వీటిని తెచ్చి రోడ్డు మీద ఎందుకు పాతారని పిల్లవాడి సందేహం. అవి మైలురాళ్లనీ, వాటి మీద ఇంగ్లిషు అంకెలు చెక్కి ఉన్నాయనీ తండ్రి చెప్పాడు. ఆ రాయి మీద 19 ఉంది. ఇది ఒకటి, దాని పక్కది తొమ్మిది. తర్వాతి రాయి 18, ఆ తర్వాత 17. పది మైళ్ల రాయి దగ్గరికి చేరేసరికి అంకెలన్నీ వచ్చేశాయన్నాడు పిల్లవాడు. నిజమే, పంతొమ్మిది నుంచి పది దాకా నడిస్తే సున్నా మొదలుకొని తొమ్మిది వరకూ అన్నీ కంటబడినట్టే.

తండ్రికి అనుమానం వచ్చింది. వీడు అంకెలు గుర్తుపడుతున్నాడా, ఒక్కొక్కటే తగ్గుతున్నాయి కదా అని వరస చెబుతున్నాడా? 9, 8, 7 చదివించాడు. ఆరో రాయి వచ్చినప్పుడు కొడుకును మాటల్లో పెట్టి అది కంటబడకుండా దాటించాడు. ఐదో రాయి చూపించి ఇదెంత అని అడిగాడు. ఇది ఆరు కావాలి, పొరపాటున ఐదు చెక్కారు అన్నాడు పిల్లవాడు. ఈ ముచ్చట విద్యాసాగర్ స్వయంగా తన జీవితకథలో రాసుకున్నదే. (మన కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణదేశపు విద్యాసాగరుడన్నారు కాబట్టి తెలుగువాళ్లకు ఈయన పరాయివాడేమీ కాదు.)

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా పిల్లవాడి తెలివిని మెచ్చుకొని ఊరుకుంటారు. అందులో ఇంకో మెలిక ఉంది. పిల్లవాడు అంకెను సరిగానే చదివాడు, వరసా సరిగానే పట్టాడు, ఏకంగా రాయినే తప్పుపట్టాడు. రాయి తప్పు మాత్రం ఏమీ లేదు, మధ్యలో ఒకటి అతని కంటపడలేదు, అంతే. ఆరుబయట చదువుకు ఈ రెండూ కావాలి. రాతి మీద చెక్కినదాన్ని కూడా అడిగే ధైర్యం ఒకటి. అడిగాక వెనక్కి నడిచి, దాటిపోయిన రాయి ఏదో చూసొచ్చే ఓపిక రెండోది. ఆ రెండోది లేకుంటే మిగిలేది బస్సులో పోయి, పులిహోర తిని, ఫోటోలు దిగి వచ్చే విహారయాత్ర.

ఈ పరీక్ష పెట్టుకోవడానికి ఖరగ్‌పూర్‌లో మంచి స్థలం ఉంది. స్టేషన్లో పొడవాటి ప్లాట్‌ఫాం 1,072.5 మీటర్లు. అరమీటరు అడుగు వేసే పిల్లకు 2,145 అడుగులు, 75 సెంటీమీటర్ల అంగ వేసే పెద్దమనిషికి 1,430. తాతా మనవరాలూ ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కొని, ఎవరి లెక్క వాళ్లు రాసుకుంటూ ఆ చివరిదాకా నడిస్తే ఇద్దరి లెక్కా కలవదు. ఎందుకు కలవలేదో తేల్చుకోవడంలోనే సగటూ, పొరపాటు శాతమూ వచ్చేస్తాయి. మహేంద్రసింగ్ ధోనీ టికెట్లు తనిఖీ చేసిన స్టేషన్ అంటే పిల్లలను బతిమాలాల్సిన పనీ ఉండదు.

అయితే ఆ ప్లాట్‌ఫాం గురించి ఈ ఊళ్లో ఒక గొప్ప చాలాకాలం చెలామణి అయింది, ప్రపంచంలో దీన్ని మించిన పొడవు లేదని. ఒకప్పుడు నిజమే. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాటిపోయింది, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో దాన్నీ దాటింది. ఈ సంగతి ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద ఎన్నిసార్లు నడిచినా తెలియదు, పేపరు చదవాలి. ఊరే సర్వం నేర్పుతుందని ఉత్సాహపడే వాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. పాదాలు చెప్పేవి కొన్ని, పుస్తకం చెప్పేవి కొన్ని.

ఇక పుస్తకంలో దొరకనివి. 1902లో వాల్తేరు-కటక్ లైను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఈ రైలు కొలువులకు దారి తెరుచుకుంది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మెన్‌గా వచ్చినవాళ్ల మునిమనవలే ఈ రోజు ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో సమ్మె జరిగిందనీ, బీఎన్ఆర్ కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారనీ గ్రంథాలయంలో తెలుస్తుంది. జీతం రాని ఆ రోజుల్లో పొయ్యి ఎలా వెలిగిందో తెలుసుకోవాలంటే మథురాకాటిలోనో నిమ్‌పురాలోనో ఎవరి వరండాలోనైనా కూర్చోవాలి.

ఆ వరండాల్లో భౌతికశాస్త్రం కూడా ఉంది. పాత తరహా లైనులో 13 మీటర్ల రైలు ముక్కకూ దాని పక్క ముక్కకూ మధ్య సన్నని సందు వదిలి, రెండు పక్కలా ఫిష్‌ప్లేట్లు పెట్టి బోల్టులు బిగించేవారు. ఉక్కు మీటరుకు, ఒక్కో డిగ్రీకి 0.0115 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ రైలు వేడిలో 40 డిగ్రీల తేడా ఉందనుకుంటే, ఆ 13 మీటర్ల ముక్క దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చిటికెనవేలి మందం కూడా లేదు. ప్లస్‌టూ పిల్లలకు అదొక సూత్రం, రెండు మార్కులు. రిటైరైన కీమేన్‌కు అది ఎండాకాలం డ్యూటీ. రోజూ తన బీటు పొడవునా నడిచి వదులైన కీలను సుత్తితో బిగించుకుంటూ పోవడం, ఎండ ముదిరితే లైను వంకర తిరుగుతుందేమోనని పట్టపగలు గస్తీ, చలికాలంలో ఎక్కడ విరుగుతుందోనని రాత్రి గస్తీ. బోగీల పరీక్షలో పనిచేసినవాళ్లు చక్రాన్ని సుత్తితో తట్టి చప్పుడు వినేవారు. ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే పగులు. ఆ చెవి ఇప్పుడు టీవీ సీరియల్ వింటూ కూర్చుంది, దాన్ని తరగతికి పిలిచినవాళ్లు లేరు.

పిల్లల్ని నడుస్తున్న లైను మీదికి తీసుకెళ్లమని ఎవరూ అనరు, అది ప్రమాదమూ నేరమూ. చిన్న రైలు ముక్క, ఒక ఫిష్‌ప్లేటు ముందు పెట్టుకుంటే చాలు. అవైనా అడిగి తెచ్చుకోవాలి సుమా, లేకుంటే ఆర్పీఎఫ్ వాళ్లు చెప్పే పాఠం వేరే ఉంటుంది.

పెద్దలు కూడా ఇలా నేర్చుకున్న సందర్భాలు దగ్గర్లోనే ఉన్నాయి. మేదినీపూర్ దాటి ఉత్తరానికి పోతే ఆరాబారీ. ఎర్ర మొరం నేల, సాల అడవి. 1970ల మొదట్లో అక్కడ అడవి అనే మాటకు మిగిలింది మోళ్లే. వంటచెరకు కోసం చుట్టుపక్కలవాళ్లు నరుక్కుపోయారు, అటవీశాఖ కేసులు పెట్టింది, నరకడం ఆగలేదు. అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి కేసుల దారి వదిలి 11 గ్రామాల వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు. 618 కుటుంబాలు 1,272 హెక్టార్లకు కాపలా ఉండటానికి, రాబడిలో నాలుగో వంతు పంచుకోవడానికి ఒప్పందం కుదిరింది. సాల చెట్టు గుణం ఏమిటంటే, నరికినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, దాన్ని మేకనోటికీ గొడ్డలికీ దక్కకుండా చూస్తే చాలు. అడవి తిరిగి లేచింది. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం అనే విధానానికి 1990లో కేంద్రం తలుపు తెరిచిందంటే దాని వెనక ఆరాబారీ ఉంది. ఇక్కడ చదువుకున్నది ఎవరు, అధికారా ఊరివాళ్లా అంటే ఇద్దరూ. పాఠ్యపుస్తకంలో ఉన్న అడవికీ, విస్తరాకులు కుట్టే ఆడవాళ్లకు తెలిసిన అడవికీ తేడా ఆ అధికారి నడిచి తెలుసుకున్నాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో ఏడు కరువు జిల్లాల్లో ఇంకా మొండి విషయం మీద ఇదే జరిగింది. బోరు బావి. భూమిలో నీళ్లు ఎంత ఉన్నాయో ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరి నమ్మకం వాళ్లది. రైతులే నడిపే భూగర్భ జలాల పథకం కింద అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి జిల్లాల్లో వందల పల్లెల్లో ఆడా మగా రైతులు వానకొలత పాత్రలు పెట్టుకున్నారు, బావుల్లోకి టేపు వదిలి నీటిమట్టం చూశారు, డ్రమ్ము నిండటానికి ఎన్ని క్షణాలు పడుతుందో గడియారం పట్టుకొని పంపు ధార లెక్కగట్టారు. రబీ ముందు ఊరంతా కూర్చొని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్క వేసేవారు. అక్షరాలు అంతగా రానివాళ్లు కూడా ఆ అంకెలు పట్టారు. వరి వేయమని గానీ మానమని గానీ ఎవరూ శాసించలేదు. లెక్క గోడ మీద ఉంది, నిర్ణయం ఎవరికి వాళ్లది. తన బావి మట్టం తానే కొలిచిన రైతుకు, పక్క ఊరి బోరులో నీళ్లు పడ్డాయి కాబట్టి ఇక్కడా పడతాయని చెప్పే మనిషిని నిలదీయడం తేలికవుతుంది.

సెలవులకు సొంతూళ్లకు పోయే ఖరగ్‌పూర్ కుటుంబాలకు నౌపడా స్టేషన్ తెలుసు. అక్కడికి దగ్గర్లోనే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం. ఏటా వానలు వెనకబట్టాక గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. వాటిని తమ ఊరి ఆడపడుచుల్లా చూసుకోవడం అక్కడివాళ్లకు తాతల నాటి అలవాటు. సైబీరియా నుంచి వచ్చాయని పత్రికలు ఏటా రాస్తాయి. ఆ ఊరి పిల్ల చెట్టుకింద నిలబడి అడగాల్సిన ప్రశ్న ఇది: గుడ్లు ఇక్కడే పెడుతున్నాయి, పిల్లలు ఇక్కడే రెక్కలు విప్పుతున్నాయి, మరి సైబీరియాలో వీటికేం పని? ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా వైపువే, చలిదేశాల నుంచి వచ్చే బాతులు వేరు. రాయిని తప్పుపట్టే హక్కు ఇక్కడ ఆ పిల్లకు పూర్తిగా ఉంది.

అదే జిల్లావాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, కొండల మీది సవరల భాష నేర్చుకోవాలనుకున్నాడు. పుస్తకం లేదు, లిపి లేదు. ఆ భాష మాట్లాడేవాళ్ల దగ్గరే కూర్చొని నేర్చుకొని, వాళ్ల పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టి, 1931 నాటికి ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించాడు. ఒక మేష్టారు తన శిష్యుల తల్లిదండ్రులకు శిష్యుడు కావడానికి సిగ్గుపడలేదు. ఈ రోజు పట్టా పుచ్చుకున్నవాళ్లకు అది కొంచెం కష్టం అనిపించవచ్చు, గౌను ఇంకా ఒంటి మీదే ఉంది కదా.

బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లేలోగా ఈ స్నాతకుల్లో నలుగురైదుగురు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక పని మొదలుపెట్టి పోవచ్చు. రుతుపవనం దక్షిణ బెంగాల్‌కు సాధారణంగా జూన్ రెండో వారానికి చేరుతుంది. నిటారు గోడల డబ్బా ఒకటి, స్కేలు ఒకటి, రిజిస్టరు ఒకటి. వాతావరణ శాఖ వానను కొలిచేది ఉదయం ఎనిమిదిన్నరకు, అదే వేళకు రోజూ ఒక పిల్లా ఒక పెద్దా కలిసి చూసి రాయాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 40 చదరపు మీటర్ల క్వార్టర్ కప్పు మీద 10 మిల్లీమీటర్లు పడితే 400 లీటర్లు, అవి ఏ కాలువలో కలిసి ఎటు పోయాయో ఆ రోజే వెంటపడి చూడాలి. ఏ కప్పు ఎప్పుడు వేశారో, ఏ వీధి ఏ ఏడు మునిగిందో పెద్దలు చెబుతుంటే పక్కన రాసుకోవాలి, తర్వాత కొలతతో సరిచూసుకోవాలి. తాతయ్య జ్ఞాపకంలో కూడా ఒక రాయి తప్పిపోయి ఉండవచ్చు.

రిజిస్టరు ఏ లిపిలో రాయాలన్నది చిక్కే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ, ఇక్కడి పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ, చదివేవాళ్లు తక్కువ. నాన్నమ్మకు బెంగాలీ అక్షరాలు రావు. అందుకని పేజీకి రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో పిల్ల తనకు వచ్చిన లిపిలో రాయాలి, రెండోదాంట్లో పెద్దావిడ తెలుగులో రాయాలి. అంకెలు రెండింట్లోనూ ఒకటే ఉండాలి. లేని రోజున ఇద్దరూ మళ్లీ డబ్బా దగ్గరికి వెళ్లాలి.