పంట రాని ఏడాది పాట

అనంతపురం పల్లెల్లో ఆదివారం పూట చర్చి పక్కగా పోతుంటే హార్మోనియం, తాళాల మధ్య ఒక కీర్తన మీ చెవిన పడే ఉంటుంది. అది వాళ్ల ప్రార్థన కదా అని మనలో చాలామంది ముందుకు సాగిపోతాం. ఇవాళ ఓ పది నిమిషాలు దాన్ని పాటగానే విందాం.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఆ తర్వాతే పల్లవి. ఈ బాణీకి పెద్దదిక్కు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూశారు. ఆయన విశ్వాసం మారింది గానీ, అబ్బిన విద్య ఎక్కడికీ పోలేదు. 'త్రాహిమాం' అని మొదలయ్యే ఆయన కీర్తన వింటే, సంస్కృత స్తోత్రాల్లో తరతరాలుగా నలిగిన ఆ మొర క్రీస్తు పాదాల దగ్గర ఎంత సులువుగా ఒదిగిందో తెలుస్తుంది. యజమాని తనకిచ్చిన తలాంతును, అంటే సొమ్మును, మట్టిలో పాతిపెట్టిన దాసుడి కథ మత్తయి సువార్తలో ఉంది. చౌధరిగారు తన తలాంతును రాగం కట్టి తిరిగి అప్పజెప్పారు.

ఇంగ్లీషు మెట్లకు తెలుగు మాటలు కూర్చిన పాటలు కూడా చర్చిల్లో ఉన్నాయి. వాటిమీద నాకు కోపం లేదు. కానీ వాటిలో తరచు దీర్ఘం తీయాల్సిన చోట మెట్టు తొందరపెడుతుంది, పొట్టి అక్షరం మీద పాట సాగుతుంది. కీర్తనలో ఆ ఇబ్బంది తక్కువ. మాట నడకే తాళం నడక.

ఇక మన సీమ సంగతి. 1810లో బళ్లారిలో అడుగుపెట్టిన లండన్ మిషన్ తర్వాత గుత్తి, అనంతపురం వైపు వచ్చింది. ఇక్కడి చర్చిల్లో కోత పండుగ పెద్ద వేడుక. గుమ్మడికాయ, కోడి, జొన్నలు, శెనక్కాయలు ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలంపాట. మరి శెనగచెట్టుకు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే? చెట్టు పీకితే వట్టి తాలుకాయలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల ఇది. అలాంటి ఏడాది చేతుల్లో తెచ్చేదేమీ లేనివాళ్లు గొంతు తెస్తారు, కంజిర తెస్తారు. ఆ కానుకను వేలం వేయడం కుదరదు, అంతే తేడా.

బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం చివరి భాగం చూడండి. అంజూరం పూయదు, ద్రాక్ష కాయదు, దొడ్లో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు. అచ్చం మన కరువు లెక్క. అయినా దేవుడిలో ఆనందిస్తానంటాడు ఆయన. ఆ వెంటనే, ఆఖరి మాటగా, దీన్ని తంతివాద్యాలతో పాడించమని ప్రధాన గాయకుడికి సూచన ఉంటుంది. కరువు లెక్క రాసినవాడు వాయిద్యం సంగతి మరిచిపోలేదు! నాకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా నచ్చేది ఆ చిన్న సూచనే.

ఇప్పుడు ఒక కీర్తన వేస్తున్నాం. మొదట మాటల జోలికి పోకండి. వేళ్లతో తొడమీద తాళం వేసుకోండి. ముందు పాడేవాడు చరణం చివర ఎక్కడ గొంతు వదులుతాడో, గుంపు పల్లవిని ఎక్కడ అందుకుంటుందో గమనించండి. పల్లవి ప్రతిసారీ ఒకేలా ఉండదు. చరణంలో మొర పెరిగేకొద్దీ దాని బరువూ పెరుగుతుంది. మధ్యలో చప్పట్లు తబలాకన్నా ఒక అర పిసరు ముందే పడితే తప్పు పట్టకండి, మన పల్లెల్లో అంతే పాడతారు.